విటమిను సి, రెటినాలు: చర్మముపై ఈ రెండింటికిని పొత్తు కుదురునా?

ధర్మవరము నుండి బెంగుళూరు పోవు రైలుదారిలో పెనుకొండ, హిందూపురము వరుసగా తగులును. ఈ ఊళ్ళ మందుల అంగళ్ళలో ఈనాడు రెండు రకముల చిన్న సీసాలు కనిపించుట వింత కాదు. ఒకదానిపై ‘విటమిను సి’ అనియు, మరియొకదానిపై ‘రెటినాలు’ అనియు వ్రాసి యుండును. మొదటిది ముఖమునకు కాంతి నిచ్చుననియు, రెండవది ముడతలను మచ్చలను తగ్గించుననియు చెప్పుదురు. ఈ రెండింటిని కలిపి పూయవచ్చునా? పూసినచో ఒకదానిని మరియొకటి చెరుపునా? ఇంటిలో అక్కలు, వదినెలు అడుగు ఈ ప్రశ్న బడిలో ఉపాధ్యాయుని వరకును వచ్చుచున్నది. రసాయనశాస్త్రము, జీవశాస్త్రము, భూగోళము మూడును ఒకచోట కలిసివచ్చు ప్రశ్న గనుక దీనిని కొంచెము నిదానముగా పరిశీలింతము.

ఈ రెండు విటమినుల చరిత్రలు ఒకచోట కలిసినవి. 1937వ సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెలు బహుమానమును ఇద్దరు పంచుకొనిరి. ఒకరు బర్మింగ్‌హాములో పనిచేసిన నార్మన్ హావర్త్; విటమిను సి అణునిర్మాణమును తేల్చినవారు. రెండవవారు జ్యూరిచ్‌లో పనిచేసిన పాల్ కారర్. 1931లో విటమిను ఏ అణునిర్మాణమును తేల్చినవారు. అదే సంవత్సరము వైద్యశాస్త్ర బహుమానము, 1928లో విటమిను సి ని వేరుపరచిన హంగేరీ శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ సెంట్ జార్జికి లభించెను. రెటినాలు అనగా కొత్త పదార్థమేమియు కాదు. విటమిను ఏ కే అది రసాయన నామము.

బహుమానమును పంచుకొన్నవే గాని, స్వభావమున ఈ రెండు అణువులును పూర్తిగా వేరు. సి నీటిలో కరగును, నూనెలో కరగదు. ఏ నూనెలో కరగును, నీటిలో కరగదు. సి ఆమ్లము వలె ప్రవర్తించును. ఏ ఆల్కహాలు జాతికి చెందినది. అయినను ఒక్క దుర్గుణము రెండింటికిని ఉమ్మడిగా ఉన్నది. గాలి తగిలినను, వెలుతురు సోకినను రెండును త్వరగా చెడిపోవును.

చర్మమను గోడ

పూసిన పదార్థము పనిచేయవలెనన్న ముందు లోపలికి పోవలెను. మన చర్మమున్నదే బయటి వస్తువులను లోనికి రానీయకుండుటకు. దాని పైపొర చచ్చిన కణముల దొంతర. ఇటుకల మధ్య సున్నమువలె ఆ కణముల మధ్య క్రొవ్వు పదార్థములు నిండియుండును. ముఖము మీద ఈ దొంతర మందము తలవెండ్రుక మందము కన్న తక్కువే. అయినను నీటిలో కరగు పదార్థములకు, ముఖ్యముగా విద్యుదావేశము గల వాటికి, అది కోటగోడయే. దాని క్రింద జీవముతో నుండు కణముల పొర, దానికిని క్రింద అంతశ్చర్మము. చర్మమునకు బిగువు నిచ్చు కొల్లాజెను అను మాంసకృత్తు ఈ అంతశ్చర్మములో నున్నది.

కొల్లాజెను నిర్మాణమును తెలిసికొనుటలో మన దక్షిణదేశమునకు గొప్ప పాత్ర కలదు. 1954లో మద్రాసు విశ్వవిద్యాలయములో జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా అనువారు కొల్లాజెను మూడు పేటల త్రాడువలె మెలివేసుకొని యుండునని చూపిరి. పట్టునూలు పేటలను పురివేయుట చూచిన ధర్మవరము విద్యార్థికి ఈ మాటను బొమ్మ గీసి చెప్పనక్కరలేదు. పేటలు వీడిపోకుండ త్రాడు గట్టిగా నిలువవలెనన్న, అందలి కొన్ని ఎమైనో ఆమ్లములకు హైడ్రాక్సిలు సమూహములు అతుకవలెను. ఆ అతుకు వేయు ఎంజైములకు విటమిను సి తోడు కావలెను. అది లేనిచో త్రాడు వదులగును.

పూర్వము నెలల తరబడి ఓడలలో ప్రయాణము చేసిన నావికులకు చిగుళ్ళు వాచి నెత్తురు కారుటయే కాక, ఎన్నడో మానిన గాయములు తిరిగి తెరచుకొనెడివి. దానికే స్కర్వీ అని పేరు. 1747లో జేమ్స్ లిండ్ అను ఓడ వైద్యుడు నిమ్మ, నారింజ పండ్ల నిచ్చి దానిని నయము చేయవచ్చునని పోల్చిచూచి నిరూపించెను. మానిన గాయము మరల ఏల తెరచుకొనవలెను? కొల్లాజెను ఒకసారి కట్టి వదలివేసిన గోడ కాదు, అది నిత్యము కూలుచు నిత్యము లేచు గోడ. మేస్త్రీ పని ఆగినంతనే పాతగోడ బీటలు వారును. అన్నట్లు, పెనుకొండ చుట్టుపట్ల గుట్టలపై మేయు మేకకు ఈ బెడద లేదు. అది తనకు వలయు విటమిను సి ని తన కాలేయములోనే తయారు చేసికొనును. ఆ శక్తిని పోగొట్టుకొన్న కొద్ది జీవులలో మానవుడు ఒకడు.

అటులైన ఎక్కువగా తినిన చాలదా అని అడుగవచ్చును. మునగాకు, ఉసిరి, జామ మన ప్రాంతమున దొరకు గొప్ప విటమిను సి నిధులు. పచ్చి మునగాకు 100 గ్రాములలో సుమారు 220 మిల్లీగ్రాముల విటమిను సి ఉండునని మన పోషకాహార పట్టికలు చెప్పుచున్నవి. కాని రోజునకు సుమారు 200 మిల్లీగ్రాములు దాటిన తరువాత నెత్తుటిలో దాని పాలు ఇక పెద్దగా పెరుగదు. మిగిలినది మూత్రములో పోవును. ఆహారము చర్మమునకు ఇవ్వగల వాటాకు ఒక హద్దు ఉన్నదన్న మాట. ఆ హద్దును దాటించుటకే పైనుండి పూయుట అను ఆలోచన పుట్టినది. ముందు ఆ హద్దు వరకు తినని వారికి సీసాతో పని లేదని నా అభిప్రాయము.

పులుపంతయు సి కాదు

విటమిను సి ని చర్మము లోనికి పంపుటలో చిక్కు దాని ఆమ్లత్వములో నున్నది. దాని అణువు ఒక హైడ్రోజను అయానును వదలినచో దానికి ఋణవిద్యుదావేశము వచ్చును. అప్పుడది క్రొవ్వుతో నిండిన గోడను దాటలేదు. పి.హెచ్. 4.2 వద్ద సరిగా సగము అణువులు ఆవేశము పొందియుండును. పి.హెచ్. 3.5కు దింపినచో ఆరింట అయిదు పాళ్ళు ఆవేశము లేక యుండును, కావున లోనికి పోగలుగును. పి.హెచ్. 7 వద్ద నూటికి ఒక్క అణువు కూడ అట్లు మిగులదు. పైతరగతి విద్యార్థులు లాగరిథముల పట్టిక తీసికొని ఈ లెక్కను తామే సరిచూడవచ్చును. అమెరికాలో షెల్డన్ పిన్నెల్ బృందము పందుల చర్మముపై పరీక్షించి 2001లో ప్రకటించిన ఫలితములు కూడ ఇట్లే ఉన్నవి: పి.హెచ్. 3.5కు తక్కువ యుండవలెను. నూటికి 20 పాళ్ళ వరకు బలము పెంచిన కొలది లోనికి పోవు విటమిను పెరిగెను, దానిని మించిన లాభము లేదు. చర్మములో చేరిన విటమిను సగమగుటకు సుమారు నాలుగు దినములు పట్టును. ఈ నాలుగు దినముల సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. మన ప్రశ్నకు సగము జవాబు దానిలోనే ఉన్నది.

పులుపు అనగానే మన వారికి ఒక భ్రమ కలదు. హిందూపురము చింతపండు మార్కెటు దేశమంతట పేరుపడినది. చింతపండు పులుపు టార్టారిక్ ఆమ్లము వలన వచ్చినది. దానిలో విటమిను సి అతి స్వల్పము. నిమ్మకాయ పులుపు ముఖ్యముగా సిట్రిక్ ఆమ్లమునది. విటమిను సి ఉన్నను 100 గ్రాముల రసములో సుమారు 50 మిల్లీగ్రాములే. నూటికి 10 పాళ్ళ సీరములో 100 గ్రాములకు 10,000 మిల్లీగ్రాములుండును, అనగా నిమ్మరసమునకు 200 రెట్లు. కావున ముఖమునకు నిమ్మరసము రాచుకొన్న వారికి విటమిను సి అందదు, మంట మాత్రము అందును. అంతటితో పోదు. నిమ్మజాతి తొక్కలోను రసములోను ఫ్యూరోకూమరినులు అను పదార్థములున్నవి. అవి చర్మము మీద నుండగా ఎండ తగిలినచో బొబ్బలు లేచి, నెలల తరబడి పోని నల్లమచ్చలు ఏర్పడవచ్చును. తెల్లబడుటకు చేసిన పని నల్లమచ్చలకు దారితీయుట మన ఎండలలో అరుదు కాదు.

రెటినాలు చేయు పని

విటమిను ఏ అనగానే ఉపాధ్యాయులకు రేచీకటి జ్ఞాపకము వచ్చును. అది న్యాయమే. పసిపిల్లలకు అంధత్వము రాకుండ ఆరునెలల కొకసారి పెద్దమోతాదులో విటమిను ఏ ఇచ్చు జాతీయ కార్యక్రమము 1970లో ప్రారంభమాయెను; దానికి ఆధారమైన పరిశోధన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో జరిగెను. కంటిలో దీని పని ఒకటి, చర్మములో మరియొకటి.

చర్మకణములో రెటినాలు రెండు మెట్లు ఎక్కవలెను. మొదట రెటినాల్డిహైడుగాను, పిమ్మట రెటినోయిక్ ఆమ్లముగాను మారవలెను. ఈ రెండవ రూపమే అసలు పనివాడు. అది కణకేంద్రకములోనికి పోయి అచ్చటి గ్రాహకములకు అతుకుకొని, కొన్ని జన్యువులను మేల్కొలుపును, కొన్నింటిని నిద్రపుచ్చును. ఫలితముగా పైపొర కణములు త్వరత్వరగా పుట్టి త్వరగా రాలిపోవును, రంగుకణికలు చెదరిపోవును, ఎండకు కొల్లాజెనును తినివేయు ఎంజైములు అణగును, కొత్త కొల్లాజెను తయారీ హెచ్చును. ఇదంతయు ఒక రాత్రిలో జరుగు పని కాదు. వారములు, నెలలు పట్టును. రెటినాలు మెట్లెక్కుచు పోవు నపుడు చాల భాగము దారిలోనే మిగిలిపోవును గనుక, అది రెటినోయిక్ ఆమ్లము కన్న ఎంతో మెత్తనిది. అందుచేతనే దీనిని సౌందర్య సాధనములలో అనుమతించిరి, రెటినోయిక్ ఆమ్లమును వైద్యుని చీటీకి కట్టుబరచిరి. ఆ ఆమ్లమునకే మందుల అంగడిలో ట్రెటినాయిన్ అని పేరు.

ట్రెటినాయిన్‌ను మొటిమల మందుగా 1969లోను, ఎండకు ముదిసిన చర్మమునకు మందుగా 1986లోను ప్రచారములోనికి తెచ్చినవారు అమెరికా చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్. ఆయన పేరు చెప్పినప్పుడు మరియొక సంగతిని కూడ చెప్పవలెను. ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ కారాగారములో ఖైదీల చర్మములపై ఆయన 1951 మొదలు 1974 వరకు అనేక ప్రయోగములు చేసెను. ఏమి పూయుచున్నారో సరిగా తెలియని మనుష్యులపై జరిగిన ఆ పరీక్షలు వైద్యచరిత్రలో మాయని మచ్చ. విజ్ఞానశాస్త్రమును బోధించువారు ఫలితమును మాత్రమే చెప్పి దారిని దాచుట సరికాదు.

రెటినాలు అణువులో ఒకటి విడిచి ఒకటిగా ద్విబంధములు వరుసగా నున్నవి. ఈ వరుస వెలుతురును మ్రింగును. మ్రింగి తానే విరిగిపోవును. పట్టుచీరను నీడలో ఆరవేయవలెనని ధర్మవరములో ఎవరికి చెప్పవలెను? అనేక రంగుల అణువులలో కూడ ఇట్టి ద్విబంధముల వరుసయే ఉండును. ఎండకు రంగు వెలియుట ఆ వరుస తెగిపోవుటయే. రెటినాలు సీసా వెలుతురు చొరని రేకుగొట్టములో వచ్చుటకును, దానిని రాత్రివేళ పూయుమనుటకును మొదటి కారణము ఇదియే. రెండవ కారణము, రెటినాలు వాడుచున్న చర్మమున పైదొంతర మొదటి వారములలో పలుచనై ఎండకు త్వరగా కందును.

కలిపిన చెడునా?

రెండింటికిని పొత్తు కుదరదనువారు చెప్పు వాదము ఇది. విటమిను సి కి పి.హెచ్. 3.5 కావలెను, రెటినాలును మార్చు ఎంజైములు అంత పులుపులో పనిచేయవు, కావున ఒకటి రెండవదానిని మూలబెట్టును. వినుటకు ఈ వాదము బాగుగనే ఉన్నది గాని పరీక్షకు నిలువదు. ఆ ఎంజైములున్నది చర్మము పైన కాదు, జీవకణముల లోపల. కణము లోపలి పి.హెచ్. సుమారు 7, బయట నాలుగు చుక్కల పులుపు పడినంత మాత్రమున అది మారదు. చర్మపు పైతలమే 4.5 మొదలు 5.5 వరకు గల ఆమ్లతలము. దానికి పులుపు కొత్త కాదు. పైగా రెటినాలు ఎక్కువగా నూనెలో కరిగియుండును; నూనెకు పి.హెచ్. అని చెప్పుటలోనే అర్థము లేదు.

వాదమును విడిచి ప్రయోగమును చూచినను ఇదే తేలుచున్నది. రెటినాలు, విటమిను సి రెండును గల లేపనమును కొద్దిమంది స్త్రీల చర్మముపై పరీక్షించి 2005లో ఫ్రాన్సు పరిశోధకులు ప్రకటించిన ఫలితములలో, చర్మపు పొరలలో మేలు మార్పులే కనిపించినవి. ఒకదాని నొకటి చంపుకొనియుండినచో ఆ మార్పులు వచ్చెడివి కావు. పరీక్ష చిన్నది గనుక దానిపై పెద్ద మేడ కట్టరాదు. కాని ‘కలియనే కలియవు’ అను మాటను త్రోసివేయుటకు చాలును.

అయినను ఉదయము సి, రాత్రి రెటినాలు అను వైద్యుల సలహా సరియైనదే. ఆ సలహాకు చెప్పు కారణము మాత్రము మార్చుకొనవలెను. అణువుల మధ్య వైరము అందుకు కారణము కాదు. పి.హెచ్. 3 గల ఆమ్లమును పూసిన వెంటనే పైదొంతరను రాల్చు మందును పూసినచో చర్మమునకు మంట, ఎరుపు, పొట్టు లేచుట సంభవించును. తెల్లజాతివారి చర్మమున ఆ ఎరుపు కొద్ది దినములలో పోవును. మన గోధుమవన్నె, చామనచాయ చర్మములలో రంగుకణికలను చేయు కణములు చురుకైనవి; ఎక్కడ మంట పుట్టినను అక్కడ రంగును కుమ్మరించును. దద్దురు పోయిన తరువాత నల్లమచ్చ మిగులును. మచ్చ పోగొట్టుటకు పూసినది మచ్చను తెచ్చుట ఇట్లు జరుగును. పరదేశపు పుస్తకములలోని మోతాదులను మనము కన్నులు మూసికొని అనుసరింపరాదనుటకు ఇది ముఖ్యకారణము.

ఇప్పుడు ఆ నాలుగు దినముల లెక్కను తలచుకొందము. విటమిను సి చర్మములో చేరినచో దినముల తరబడి నిలిచియుండును. రెటినాలు పని వారముల తరబడి సాగును. కావున రెండును ఒకే గంటలో పైన కలియనక్కరలేదు. పండ్రెండు గంటల తేడాతో పూసినను లోపల కలిసియే పనిచేయును. ఒకటి కొల్లాజెను త్రాడుకు పురివేయును, మరియొకటి ఆ త్రాడును ఎక్కువ చేయించును. సీసాలో కలుపవలసిన పని లేదు.

ఎండ సంగతి

ఈ రెండు సీసాల చర్చలో మూడవదైన ఎండను మరచుట కద్దు. మన మూడు ఊళ్ళకు అది తగదు. శ్రీ సత్యసాయి జిల్లాలోని ఈ ప్రాంతము వానలకు చాటున బడిన మెట్టసీమ. మబ్బు పట్టు దినములు తక్కువ. హిందూపురము సుమారు 13 డిగ్రీల 50 నిమిషముల ఉత్తర అక్షాంశమున, పెనుకొండ 14 డిగ్రీల 5 నిమిషములకు దగ్గరగా, ధర్మవరము 14 డిగ్రీల 25 నిమిషములకు దగ్గరగా ఉన్నవి. కర్కట, మకర రేఖల నడుమ నున్న ప్రతి ఊరికిని సూర్యుడు ఏటికి రెండుమారులు నడినెత్తికి వచ్చును. ఆ దినమున మధ్యాహ్నము నిలువు కర్రకు నీడ పడదు. హిందూపురములో అది సుమారు ఏప్రిల్ 27, పెనుకొండలో 28, ధర్మవరములో 29. తిరుగు ప్రయాణములో ఆగస్టు 14, 15, 16 తేదీల ప్రాంతమున ధర్మవరము మొదలు హిందూపురము వరకు అదే జరుగును. మూడు బడుల విద్యార్థులు తమ ఆవరణములలో కర్రలు పాతి ఈ తేదీలను తామే పరీక్షించి, ఫలితములను ఒకరికొకరు పంపుకొనవచ్చును.

సూర్యుడు నడినెత్తిన నున్నప్పుడు కిరణములు గాలిపొరను అతి తక్కువ దూరము దాటి వచ్చును. అతినీలలోహిత కిరణములు అంతగా వడకట్టబడవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడు సూచికలో 11 దాటినచో ‘అత్యంత తీవ్రము’ అందురు. దక్షిణదేశమున వేసవి మధ్యాహ్నములలో అది సామాన్యము. ఈ కిరణములలో రెండు తెగలు. బి తెగ చర్మమును కాల్చును. ఇది కిటికీ అద్దమును చాల వరకు దాటలేదు. ఏ తెగ లోతుకు పోయి కొల్లాజెనును చెరచును, మంగు మచ్చలను ముదురుపరచును. ఇది అద్దమును దాటివచ్చును. వేరుసెనగ చేలో కలుపుతీయు ఆమెకు రెండును తగులును. బస్సు కిటికీ ప్రక్కన కూర్చుండి ప్రతిదినము బడికి పోవు ఉపాధ్యాయునకు, అద్దము మూసియున్నను, రెండవది తగులును.

విటమిను సి ని ఉదయము పూయుమనుట ఇందుకే. కిరణములు చర్మములో పుట్టించు విశృంఖల రాశులను అది తాను ఆక్సీకరణము చెంది అణచును. దానితో విటమిను ఇ ని, ఫెరూలిక్ ఆమ్లమును చేర్చినచో ఈ రక్షణ ఇనుమడించునని పిన్నెల్ బృందమే 2005లో చూపెను. అయినను అది గొడుగు కాదు. కిరణములను ఆపదు, లోపలికి వచ్చిన వాని వలన కలుగు నష్టమును తగ్గించును. కాబట్టి దానిపై ఎండలేపనము తప్పనిసరి. ముఖమునకు, మెడకు కలిపి రెండు వ్రేళ్ళ పొడవున లేపనము కావలెను. బయటనే ఉన్నచో రెండుగంటల కొకసారి మరల పూయవలెను. అంత ఖర్చు భరింపలేనివారికి కొంగు, తలగుడ్డ, గొడుగు ఉన్నవి. నీడ మన ఎత్తు కన్న పొట్టిగా నున్నంత సేపు ఎండలో నిలువరాదను నియమము ఏ లేపనమునకును తీసిపోదు. ఎండలేపనము పూయలేని వారు రెటినాలు జోలికి పోకుండుటయే మేలు.

వాడదలచిన పెద్దలు మొదట ఒక్కదానితోనే మొదలుపెట్టవలెను. ఉదయము ముఖము కడిగి తుడిచి, నూటికి 10 పాళ్ళ విటమిను సి నాలుగు చుక్కలు, దానిపై ఎండలేపనము. రెండుమూడు వారములు సరిపడినచో, అప్పుడు రాత్రి రెటినాలు, వారమునకు రెండు రాత్రులు మాత్రమే, బఠానీగింజ అంత, కన్నులకు పెదవులకు దూరముగా. మంట లేనిచో మెల్లగా రాత్రుల సంఖ్య పెంచవచ్చును. నూటికి 0.1 మొదలు 0.3 పాళ్ళ రెటినాలు చాలును. ఐరోపా సమాఖ్య 2024లో చేసిన నిబంధనలో ముఖలేపనములకు 0.3 పాళ్ళే పైహద్దు. మంట పుట్టిన రాత్రి మానివేయవలెను. ఓర్చుకొన్నచో గుణము హెచ్చును అనుట తప్పు.

గర్భిణులు, గర్భము దాల్చదలచినవారు రెటినాలును, దాని కుటుంబములోని ఏ మందునుగాని పూయరాదు. ఈ కుటుంబపు మాత్రలు గర్భస్థ శిశువునకు తీవ్రమైన అంగవైకల్యములు కలిగించుట నిశ్చయముగా తెలిసిన సంగతి. పూతమందు కొంచెమే లోపలికి పోయినను జాగ్రత్త వహించుటయే పద్ధతి. ఉన్నత పాఠశాల పిల్లలకు ముడతల మందుతో పనియే లేదు. వారి చర్మములో కొల్లాజెను తనంతట తానే పుష్కలముగా తయారగుచుండును. మొటిమలు ఎక్కువైనచో చర్మవైద్యుని చూడవలెను.

ఇంతకన్న పెద్ద ప్రమాదము వేరొక గొట్టములో నున్నది. 1975లో క్లిగ్‌మన్, విల్లిస్ అనువారు మంగు మచ్చలకై ట్రెటినాయిన్, హైడ్రోక్వినోన్, స్టీరాయిడు మూడును కలిపిన మందును ప్రకటించిరి. వైద్యుని పర్యవేక్షణలో కొద్దివారములు వాడవలసిన మందు అది. మన దేశములో అట్టి మిశ్రమములను ‘తెల్లబడు క్రీము’ అని చెప్పుకొని నెలలు, ఏండ్లు పూయుచున్నారు. మొదటి వారములో ముఖము తెల్లబడి నున్ననగును, అదియే ఉచ్చు. తరువాత చర్మము పలుచనై, నరములు ఎఱ్ఱగా కనిపించి, మొటిమలు, వెంట్రుకలు పుట్టును. మానినచో మంట భరింపరానిదగును. 2018లో ప్రభుత్వము అనేక స్టీరాయిడు పూతమందులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని కట్టడి చేసెను. అమ్మువాడు చీటీ అడుగనిచో కొనువాడే పేరు చదువవలెను. ట్రెటినాయిన్, అడపలీన్, రెటినైల్ పాల్మిటేట్ అనునవి రెటినాలు బంధువులు. బీటామెథసోన్, మోమెటసోన్, క్లోబెటసాల్, ఫ్లూవోసినోలోన్ అనునవి స్టీరాయిడులు. ఈ ఏడు పేర్లను తరగతిలో నల్లబల్లపై వ్రాసి, ఇంటిలోని గొట్టములపై వెదకి రమ్మనుట ఒక మంచి ఇంటిపని.

చివరగా, సీసాలోని విటమిను సి బ్రతికియున్నదో లేదో తెలిసికొనుటకు బడిలోనే చేయదగిన పరీక్ష ఒకటి కలదు. పలుచని గంజి అరగ్లాసు తీసికొని గాయములకు వాడు అయొడిను టింక్చరు రెండుచుక్కలు వేసిన నీలివర్ణము వచ్చును. దీనిని మూడు పరీక్షనాళికలలో పోయుడు. ఒకదానిలో వంటకు వాడు నిమ్మఉప్పు, అనగా సిట్రిక్ ఆమ్లము, నీటిలో కరిగించి చుక్కలుగా వేయుడు. పుల్లనిదే అయినను నీలిరంగు పోదు. రెండవదానిలో విటమిను సి మాత్రను కరిగించిన నీరు వేయుడు. రంగు విరిగిపోవును, ఏలనన విటమిను తాను ఆక్సీకరణము చెంది అయొడినును అయొడైడుగా మార్చును. అదే మాత్రనీటిలో కొంత భాగమును రాగిచెంబులో పోసి ఎండలో రెండుమూడు దినములు ఉంచి మూడవనాళికలో వేసి చూడుడు. రంగు విరుగుటకు మునుపటి కన్న ఎన్నో ఎక్కువ చుక్కలు కావలసివచ్చును. గాలి, వెలుతురు, రాగి మూడును కలిసి విటమినును చంపినవి. నిల్వవలన తేనెరంగు దాటి ముదురు గోధుమరంగుకు మారిన సీరము కూడ ఇట్టిదే. దానిని ముఖమునకు పూయక పారబోయవలెను. కొత్త సీసాను మూత బిగించి, వెలుతురు తగులని చల్లనిచోట ఉంచి, రెండుమూడు నెలలలో ముగించవలెను.